ఆదివారం హార్మోన్ డాక్టర్, రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు: నల్గొండలో మా ఆరు నెలల అనుభవం

ఐదుకి నాలుగు స్టార్లు. ఒకటి ఎందుకు కోశానో కింద రాశాను, అది డాక్టర్ వల్ల కాదు. క్లినిక్ పేరు మాత్రం రాయను. నా జిరాక్స్ షాపు అదే రోడ్డులో ఉంది, కింద ల్యాబ్ వాళ్లు రోజూ నా దగ్గరికే వస్తారు, వాళ్ల గురించి ఇక్కడ నాలుగు మాటలు అనక తప్పదు కాబట్టి పేరు రాసి రేపు మొహం చాటేసుకునే ఓపిక నాకు లేదు.

మా చెల్లెకు ఇరవై మూడేళ్లు. పోయిన దసరా తర్వాత నిద్ర పోవడం మానేసింది. మూడు రోజులు ఒకటే మాట్లాడింది, తర్వాత అసలు మాట్లాడలేదు, గోడ వైపు చూసి నవ్వేది. మా మేనత్త గాలి సోకిందన్నది, అమ్మ లతీఫ్ సాబ్ గుట్టకు తీసుకుపోయి తాయెత్తు కట్టించింది, నేను మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకుపోయాను. ఎవరి ప్రయత్నం వాళ్లది, ఎవర్నీ తప్పు పట్టను. ఆయన రిస్పెరిడోన్ మొదలుపెట్టారు. పది రోజులకు ఫిట్స్ వచ్చాయి, నోరు ఏదో నములుతున్నట్టు దానంతట అదే కదిలేది. అప్పుడు హైదరాబాద్ పరుగెత్తాం. వెన్నులోంచి నీరు తీసి పరీక్షకు పంపితే మెదడు కణాల మీద ఉండే ఎన్‌ఎమ్‌డీఏ రిసెప్టర్ అనే భాగాన్ని పట్టుకునే యాంటీబాడీలు ఉన్నాయని వచ్చింది. ఆటోఇమ్యూన్ ఎన్‌సెఫలైటిస్.

మెదడువాపు అనగానే మన దగ్గర అందరూ దోమలు, పందులు అంటారు. ఇది అది కాదు. ఒంటిని కాపాడాల్సిన యాంటీబాడీలే మెదడు కణాల మీద పడతాయి. జోసెప్ డల్మావ్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు 2007లో ఈ జబ్బును యాంటీబాడీతో సహా గుర్తించి ప్రకటించారు. అప్పుడు వాళ్లు చూపించిన పన్నెండు మందీ ఆడవాళ్లే, అందులో పదకొండు మందికి అండాశయంలో గడ్డ ఉంది. మా చెల్లెకూ కుడి అండాశయంలో డెర్మాయిడ్ గడ్డ బయటపడింది. ఆ గడ్డలో మెదడు కణాల్లాంటివి కూడా ఉంటాయట, ఒళ్లు వాటిని శత్రువు అనుకుని తయారుచేసిన ఆయుధం చివరికి అసలు మెదడుకే తగిలింది. కుడి అండాశయం తీసేశారు, ఐదు రోజులు స్టెరాయిడ్ సెలైన్లలో ఎక్కించారు, ఇమ్యునోగ్లోబులిన్ ఇచ్చారు, తర్వాత యాంటీబాడీలు తయారుచేసే కణాలను తగ్గించే రిటుక్సిమాబ్ అనే మందు. నలభై ఒక్క రోజులు. సంక్రాంతికి ఇంటికొచ్చింది, ముగ్గు కూడా వేసింది, వంకర టింకరగానే అనుకోండి.

ఇక్కడిదాకా అందరూ అడిగి తెలుసుకున్న కథే. ఎవరూ అడగనిది, మేం ఎవరికీ చెప్పనిది, ఆమెకు నెలసరి ఆగిపోయింది. ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఎవరికీ ఆ ధ్యాస లేదు, బతికితే చాలు అనుకున్నాం. ఫిబ్రవరిలో అమ్మ నాతో కాదు, నా భార్యతో చెప్పింది. మేనత్తకు తెలిసేసరికి, "పెళ్లి కావాల్సిన పిల్ల, ఒక పక్క తీసేసిన్రు, ఇగ ఇది గూడనా, బయట ఎవ్వరికి చెప్పకురి" అని ఏడ్చింది. టౌన్‌లోనే ఒక ఆస్పత్రిలో చూపిస్తే స్కాన్‌లో చిన్న చిన్న బుడగలున్నాయి, పీసీఓడీ అన్నారు, మాత్రలు రాశారు. మాత్రలు వాడినప్పుడు ఒకసారి వచ్చింది, మళ్లీ ఆగింది. మెదడుకు జబ్బు చేసిందండీ అని నేను ఫైలు ముందుకు జరిపితే, అది వేరు ఇది వేరు అని వెనక్కి జరిపారు.

నేను రెండు నెలలు నమ్మిన మాట అదే. మెదడు పైన, గర్భసంచి కింద, మధ్యలో ఏం సంబంధం అని.

ఉగాది అయ్యాక ఎవరో చెప్తే ఈ క్లినిక్‌కు వెళ్లాం. హైదరాబాద్ నుంచి ప్రతి ఆదివారం ఎండోక్రైనాలజిస్ట్, అంటే హార్మోన్ డాక్టర్ వస్తారు, మేడమ్. ఫీజు 600, పదిహేను రోజుల్లో మళ్లీ పోతే తీసుకోరు. టోకెన్ కోసం ఉదయం ఏడింటికి ఫోన్ చేయాలి, ఆరు యాభై ఎనిమిదికి చేస్తే ఎత్తరు, ఏడూ ఐదుకు చేస్తే ఇరవై దాటి ఉంటుంది. మాకు మొదటిరోజు ఇరవై మూడు, అంటే మధ్యాహ్నం రెండున్నర.

లోపలికి వెళ్లాక ఆమె మొదట చెల్లెను చూడలేదు, ఫైలు చూశారు. నాది జిరాక్స్ షాపు కదా, ఫైలు తేదీల వారీగా పెట్టి, ఏ మందు ఎప్పుడు మొదలు, ఎప్పుడు ఆపారు అని ఒక పేజీ టైప్ చేసి పైన కుట్టాను. ఆ పేజీ మీద పెన్నుతో గీతలు గీస్తూ పావుగంట కూర్చున్నారు. ఆరు నెలల్లో ఆ పేజీ చదివిన మొదటి డాక్టర్ ఈమే. చదివి, "నెలసరి ఎప్పుడు ఆగింది? జబ్బు మొదలైనప్పుడా, ఈ మాత్ర మొదలైనప్పుడా?" అని రిస్పెరిడోన్ మీద వేలు పెట్టారు. నేను బిక్కమొహం వేశాను. చెల్లె చెప్పింది, జబ్బుకు ముందు నెల వచ్చింది, ఆ తర్వాత లేదు, ఇంకో విషయం, రొమ్ము నుంచి పాలలాంటివి వస్తున్నాయి, సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు అని. నన్ను బయటికి పంపి అప్పుడు అడిగారు ఇదంతా, చెల్లె తర్వాత తనే చెప్పింది, రాయమన్నది కూడా తనే.

మళ్లీ లోపలికి పిలిచి కాగితం మీద బొమ్మ వేశారు. మీరు ఎక్కడివాళ్లు అని అడిగారు. అమ్మవాళ్లది మిర్యాలగూడ దగ్గర, సాగర్ ఎడమ కాల్వ కింద పొలం అని చెప్పా. "అయితే వారబందీ తెలుసుగా" అన్నారు. ఎందుకు తెలియదు, కొన్ని రోజులు వదులుతారు, కొన్ని రోజులు బంద్ చేస్తారు, ఆ లెక్కన పొలం పారించుకుంటాం. మెదడు అడుగున హైపోథాలమస్ అని ఒక చిన్న భాగం, అదే తూము. అది జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను వారబందీలాగానే వదులుతుంది, గంటకో గంటన్నరకో రెండు గంటలకో ఒకసారి కొంచెం కొంచెంగా. ఆ విడతలు అందితేనే కింద పిట్యూటరీ గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే హార్మోన్లు పంపుతుంది, అవి ఆడవాళ్లలో అండాశయానికి, మగవాళ్లలో వృషణాలకు పోతాయి. తమాషా ఏమిటంటే, తూము పూర్తిగా మూసినా పంట ఎండుతుంది, ఆపకుండా వదిలినా పిట్యూటరీ మొద్దుబారి పని మానేస్తుంది. విడతలుగా రావడమే ముఖ్యం. ఇది విన్నాక మా అమ్మ మొహం చూడాలి, ఆరు నెలల తర్వాత మొదటిసారి డాక్టర్ మాట అర్థమైనట్టు తల ఊపింది.

మరి ఆ తూము ఎవరు మూశారు? ఇక్కడ ఆమె ఒక్క పేరు చెప్పి వదిలేయలేదు. మెదడులో వాపు ఉన్నప్పుడు ఒంట్లో పుట్టే రసాయనాలు, ఇంటర్‌ల్యూకిన్లు లాంటివి, జీఎన్‌ఆర్‌హెచ్‌ను తగ్గిస్తాయి, ప్రాణం మీదికి వచ్చినప్పుడు పిల్లల్ని కనే పని శరీరం పక్కన పెడుతుంది. పైగా ఏ ఎన్‌ఎమ్‌డీఏ రిసెప్టర్ మీద యాంటీబాడీ పడుతుందో, అదే రిసెప్టర్ జీఎన్‌ఆర్‌హెచ్ విడుదలలో కూడా భాగం, ఎలుకల మీద, కోతుల మీద చేసిన పరిశోధనల్లో ఇది తేలింది. బరువు 54 నుంచి 45కి పడిపోయింది, ఒంట్లో కొవ్వు అంత తగ్గినా తూము మూసుకుంటుంది. స్టెరాయిడ్లు కూడా దాన్ని అణుస్తాయి. కుడి అండాశయం తీసేశారని అందరం భయపడ్డాం కానీ, రెండోది బాగుంటే ఒక్కటే నెలసరి నడిపిస్తుంది, పిల్లలు కూడా పుడతారు అన్నారు. ఆ మాటకు అమ్మ అక్కడే కళ్లు తుడుచుకుంది.

కానీ ఆమె అసలు అనుమానం పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ అనే హార్మోన్ మీద. మామూలుగా హైపోథాలమస్ డోపమైన్ అనే రసాయనం పంపి ప్రొలాక్టిన్‌ను అదుపులో పెడుతుంది. రిస్పెరిడోన్ ఆ డోపమైన్‌ను అడ్డుకుంటుంది, ప్రొలాక్టిన్ పైకి పోతుంది, అది పోయి తూమును మూస్తుంది. పాలిచ్చే తల్లికి కొన్నాళ్లు నెలసరి రానట్టే. ఈ జబ్బులో చాలామందికి మొదట పిచ్చి అనుకుని ఇలాంటి మందులే పడతాయి, తర్వాత జబ్బు పేరు మారుతుంది కానీ మందు మాత్రం చీటీలో అలాగే ఉండిపోతుంది. మా చీటీలో అలాగే ఉండిపోయింది, నేనే ప్రతి నెలా తెచ్చి ఇచ్చాను.

మరి టౌన్‌లో చేయించిన ప్రొలాక్టిన్ 41 మాత్రమే ఉంది కదా అని రిపోర్టు చూపించా. 25 లోపు ఉండాలి, కొంచెం ఎక్కువ, టెన్షన్ వల్ల అని అప్పుడు కొట్టిపారేశారు. మేడమ్ రిపోర్టు పక్కన పెట్టి, "జుట్టుకు ఏమన్నా మాత్రలు వాడుతున్నావా?" అని చెల్లెను అడిగారు. వాడుతోంది, స్టెరాయిడ్ల తర్వాత జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడిపోతుంటే నా భార్యే తెచ్చిచ్చింది, బయోటిన్. రక్తం ఇచ్చిన రోజు పొద్దున కూడా వేసుకుంది. కొన్ని రకాల మిషన్లలో బయోటిన్ ఎక్కువైతే ప్రొలాక్టిన్, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తాయట, మగ హార్మోన్ టెస్టోస్టెరోన్, ఆడ హార్మోన్ ఈస్ట్రోజన్ లాంటివి ఎక్కువ చూపిస్తాయట. మూడు రోజులు ఆపి మళ్లీ చేయించాం, పొద్దున లేవగానే కాకుండా కాసేపు ప్రశాంతంగా కూర్చున్నాక. 96.

ఒకే మనిషి, ఒకే మందు, జుట్టు మాత్ర వల్ల సగానికంటే తక్కువ చూపించింది.

ఇక్కడే కింద ల్యాబ్ గురించి చెప్పాలి. పైనుంచి చీటీ తెచ్చిన ప్రతి ఒక్కరికీ 28 పరీక్షల హార్మోన్ ప్యాకేజీ 4,500 అని అంటగడతారు. మేం కూడా ఆ కాగితం పట్టుకుని పైకి పోతే మేడమ్ 23 కొట్టేసి ఐదు ఉంచారు. ప్రొలాక్టిన్, ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, ఈస్ట్రాడయోల్, థైరాయిడ్. ల్యాబ్ అతను మొహం మాడ్చుకున్నాడు. నెలసరి వస్తున్నవాళ్లయితే ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ రెండో రోజో మూడో రోజో ఇవ్వాలి, ఆ ముక్క ల్యాబ్‌లో ఎవరూ అడగరు, ఎప్పుడు పోతే అప్పుడు సూది గుచ్చుతారు. మీరే చెప్పండి, మీరే రాయించండి.

రిస్పెరిడోన్ ఆమె ఆపలేదు. ఇది నాకు నచ్చింది. మీకు మీరు ఆపకండి, తిరగబెడితే మొదటికి వస్తుంది అని, హైదరాబాద్ న్యూరాలజిస్టుకు, ఇక్కడి మానసిక వైద్యుడికి చెరో ఉత్తరం రాసి, న్యూరాలజిస్టుతో మా ముందే ఫోన్‌లో మాట్లాడారు. వాళ్లిద్దరూ ఒప్పుకున్నాక నెలన్నర మీద కొంచెం కొంచెంగా తగ్గించారు. ఫిట్స్‌కు వాల్‌ప్రోయేట్ ఇస్తున్నారు, అది ఆడపిల్లల్లో నెలసరి తేడాలు, పీసీఓడీలాంటి మార్పులు తెస్తుంది, రేపు కడుపుతో ఉంటే బిడ్డకు ప్రమాదం, కుదిరితే మార్చండి అని అదే ఉత్తరంలో రాశారు. లెవెటిరాసెటామ్ అనే వేరే ఫిట్స్ మందుకు మార్చారు. ప్రొలాక్టిన్ 21కి దిగింది. మందు పూర్తిగా ఆపిన మూడో నెల, ఒక శుక్రవారం, అమ్మ నాకు ఫోన్ చేసి "ఏం లేదు బిడ్డా, ఊకెనే చేసిన" అని పెట్టేసింది. నా భార్య తర్వాత చెప్పింది ఎందుకో.

ఇప్పుడు మగవాళ్ల సంగతి, ఎందుకంటే ఇది ఆడవాళ్ల రోగం అనుకుని చాలామంది ఈ రివ్యూ ఇక్కడిదాకా చదివి ఉండరు.

వెయిటింగ్ హాల్లో మూడుసార్లు ఒకే పెద్దమనిషి పక్కన కూర్చున్నా, దేవరకొండ వైపు ఆయన, అరవై దాటాయి. ఆయనదీ ఆటోఇమ్యూన్ మెదడువాపే, కానీ యాంటీబాడీ వేరు, ఎల్‌జీఐ1. ఇది వయసు మళ్లినవాళ్లలో, అందులోనూ మగవాళ్లలో ఎక్కువ. ఆయనకు రోజుకు నలభై యాభై సార్లు ఒక చెయ్యి, అదే పక్క మొహం రెప్పపాటు కాలం బిగుసుకుపోయేవి, చేతిలో గ్లాసు పడిపోయేది. రక్తంలో సోడియం 122కు దిగింది. బీపీ మాత్ర వల్ల అని ఉప్పు తినమన్నారట మొదట. ఆ సోడియం పడిపోవడం కూడా హార్మోన్ గొడవే, ఒంట్లో నీళ్లు ఆపి ఉంచే హార్మోన్ అతిగా విడుదలవుతుంది, అది తయారయ్యేది హైపోథాలమస్‌లోనే. స్టెరాయిడ్లతో చెయ్యి బిగుసుకోవడం ఆగింది, మతిమరుపు తగ్గింది. ఆ తర్వాత మొదలైంది ఇంకోటి. మూడోసారి కలిసినప్పుడు గొంతు తగ్గించి చెప్పాడు. "గడ్డం రోజు గీసుకునేటోణ్ణి తమ్మీ, ఇప్పుడు వారానికొక్కసారి. ఒంట్ల సత్తువ లేదు. ఇంట్ల మాట చెప్తె నవ్వుతరు." ఎవరో ఒక మెడికల్ షాపులో టెస్టోస్టెరోన్ ఇంజెక్షన్ కొని వేయించుకోమన్నారట, కొన్నాడు కూడా, జేబులోనే ఉంది, మేడమ్‌కు చూపిద్దామని తెచ్చాడు.

ఆయన్ని ఆమె తిట్టలేదట, ఇంజెక్షన్ మాత్రం బల్ల మీదే పెట్టించారు. మగాళ్లకు క్యాలెండర్ ఉండదు, నెలసరి ఆగితే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది, టెస్టోస్టెరోన్ తగ్గితే వయసు అయిపోయింది అనుకుని ఊరుకుంటారు అన్నారట. తూము ఒకటే, కింద పొలం వేరు. బయటినుంచి టెస్టోస్టెరోన్ ఎక్కిస్తే మెదడు, కావాల్సినంత ఉందిలే అనుకుని ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ ఆపేస్తుంది, వీర్యకణాలు తగ్గిపోతాయి. పిల్లలు కావాల్సిన కుర్రాళ్లు బలానికని ఆ సూది వేయించుకుంటే ఉన్నది కూడా పోతుంది. ముందు పరీక్ష సరిగ్గా చేయించాలి. పొద్దున ఏడు నుంచి పది లోపు, పరగడుపున, ఒకసారి తక్కువ వస్తే ఇంకో రోజు మళ్లీ, దాంతో పాటు ఎల్‌హెచ్, ఇంకా రక్తంలో టెస్టోస్టెరోన్‌ను పట్టి ఉంచే ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్. ఆయనకు ఫిట్స్‌కు మొదట ఇచ్చిన కార్బమజెపీన్ మాత్ర ఇంకా నడుస్తోంది, అది ఎస్‌హెచ్‌బీజీని పెంచుతుంది, అంటే మొత్తం టెస్టోస్టెరోన్ రిపోర్టులో బాగానే కనబడుతుంది కానీ ఒంటికి పనికొచ్చేది తక్కువ ఉంటుంది. పైన స్టెరాయిడ్. ఈ రెండూ తగ్గాక మళ్లీ చూద్దాం, అప్పటికీ రాకపోతే మందు ఆలోచిద్దాం అన్నారట. ఇప్పుడెలా ఉన్నాడో తెలియదు, నేను కలిసి రెండు నెలలైంది.

ఈ క్లినిక్‌లో ఇంకో మంచి పని, తెలుగులో ఒక కాగితం ఇస్తారు. అందులో ఒక వాక్యం నాకు మింగుడుపడలేదు, అంటే ఇది మాకు ముందు తెలియదే అని. సైక్లోఫాస్ఫమైడ్ అనే మందు ఈ జబ్బుకు కొందరికి ఇస్తారు, అది అండాశయాలనూ వృషణాలనూ దెబ్బతీయవచ్చు, కాబట్టి మొదలుపెట్టే ముందే మగవాళ్లు వీర్యం దాచుకోవడం గురించి, ఆడవాళ్లు అండాలు కాపాడుకోవడం గురించి అడగండి అని. మా చెల్లెకు అది పడలేదు, రిటుక్సిమాబ్‌తోనే కుదిరింది. కానీ ఐసీయూ బయట కూర్చున్నప్పుడు సంతకం పెట్టమంటే ఏ కాగితం మీదైనా పెట్టేవాణ్ణి, ఇది అడగాలని నాకు ఎవరు చెప్పాలి? యువకులకు యాంటీ మా2 అనే యాంటీబాడీ వస్తే వృషణాలకు స్కాన్ తప్పక తీయించాలి, గడ్డ అక్కడ దాగి ఉంటుంది అని కూడా ఉంది. అమ్మాయికి అండాశయం వెతికినట్టే అబ్బాయికి అక్కడ వెతకాలి. అబ్బాయిలు చెప్పుకోరు, డాక్టర్లే అడగాలి.

ఇక కోసిన స్టారు. కౌంటర్‌లో కూర్చునే అమ్మాయి హాలు మొత్తం వినబడేలా "ప్రాబ్లమ్ ఏంది, పీరియడ్స్ వస్తలేవా?" అని అరిచి అడుగుతుంది. మొదటిరోజు మా చెల్లె వెనక్కి తిరిగి మెట్లు దిగిపోయింది, బతిమాలి తీసుకొచ్చా. నలభై మంది కూర్చునే హాలు, అందులో మా షాపుకు వచ్చేవాళ్లే నలుగురు ఉంటారు. కాగితం మీద రాసివ్వమంటే అయిపోయేదానికి. నేను చెప్పాను, మేడమ్‌కు కూడా చెప్పాను, రెండు వారాలు మెల్లగా అడిగింది, మళ్లీ మామూలే. రెండోది మెట్లు. మెదడు జబ్బు చేసి కాళ్లు తడబడే మనుషులను రెండో అంతస్తుకు ఎక్కిస్తున్నారు, లిఫ్ట్ లేదు, రెయిలింగ్ ఒక పక్కే ఉంది. దేవరకొండ పెద్దమనిషి ఒక్కో అంతస్తుకు పది నిమిషాలు కూర్చునేవాడు.

వెళ్లేవాళ్లు డిశ్చార్జ్ సమ్మరీ, మందుల తేదీలు, ఎమ్మారై రిపోర్టు తీసుకెళ్లండి, సీడీ అవసరం లేదు, అక్కడ చూసే కంప్యూటరే లేదు. విటమిన్లు, జుట్టు మాత్రలు, ఆయుర్వేదం పొట్లాలు ఏవీ దాచకుండా సంచిలో వేసుకుపోండి. ఆ తెలుగు కాగితం అక్కడ తరచూ అయిపోతుంది, అడిగితే లేదంటారు. నా షాపులో ఒక కట్ట ఉంది, డబ్బులు తీసుకోను, కౌంటర్ మీద ఎడమ పక్కన లామినేషన్ మిషన్ కింద పెట్టాను. దసరాకు ముందు ఆదివారం మేడమ్ రారని బోర్డు పెట్టారు, ఆ వారం ఫోన్ చేయకండి.